చుక్కలూ గీతలూ కాదండి, చెవి

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పిల్లల పేజీలో మోర్స్ కోడ్ పట్టిక వేశారు, అదే పొట్టి, పొడుగు చప్పుళ్లతో అక్షరాలు పంపే తంతి భాష. ఏ నుంచి జెడ్ దాకా చుక్కలూ గీతలూ, పక్కన నవ్వుతున్న ఓడ బొమ్మ. కింద 'కత్తిరించి గోడకి అంటించుకోండి, రోజుకి ఐదక్షరాలు బట్టీ పట్టండి' అని సలహా కూడా ఇచ్చారు. మా పక్కింటి ఆరో తరగతి పిల్లాడు మీ మాట విని శ్రద్ధగా కత్తిరించి, అన్నం మెతుకులతో తలుపు మీద అంటించేశాడు. సోమవారం సాయంత్రం నా దగ్గరికొచ్చి "మామ్మా, ఏ బీ సీ డీ ఈ వచ్చేశాయి" అన్నాడు. వాణ్ణి ఏమీ అనలేక మీకు రాస్తున్నాను.

పట్టికలో ఒక తప్పుంది. దాని సంగతి చివర్లో చెబుతాను. అసలు తప్పు లేకపోయినా ఆ పట్టిక వెయ్యకుండా ఉండాల్సింది. మోర్స్ కంటితో నేర్చుకునేది కాదు. కంటితో మొదలుపెట్టినవాళ్లు తర్వాత అదంతా మర్చిపోవడానికి నానా తంటాలూ పడాలి. నేను పడ్డాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు 61 ఏళ్లు. 33 ఏళ్లు ఈ జిల్లా హైస్కూళ్లలో తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాను. ఉండేది ఆమదాలవలసలో, స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరం. టెలిగ్రాఫ్‌తో మా ఇంటికున్న సంబంధం ఒక్కటే. నా చిన్నప్పుడు తాతగారు పోయారని తంతి వచ్చింది. సైకిలు గుమ్మం ముందు ఆగడం చూసే మా అమ్మ ఏడుపు అందుకుంది, కాగితం ఇంకా విప్పనేలేదు. ఆ తర్వాత 2013 జులైలో టెలిగ్రామ్ సేవ ఆపేశారని మీ పేపర్లోనే చదివాను. ఆ రోజుల్లో చాలామంది 'మోర్స్ శకం ముగిసింది' అని రాశారు. అది సరికాదట. తంతి ఆఫీసులు అంతకు చాలా ముందే టెలిప్రింటర్లకీ, తర్వాత కంప్యూటర్లకీ మారిపోయాయి. మోర్స్ మాత్రం వైర్‌లెస్ పిచ్చివాళ్ల దగ్గర బతికే ఉంది. అలాంటి పిచ్చివాడు ఒకడు మా ఇంట్లోనే ఉన్నాడు.

వాడు మా అమ్మాయి కొడుకు. విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. హామ్ రేడియో, అంటే సరదాకి సొంత వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని మాట్లాడుకోవడం, దానికి లైసెన్సు తీసుకోవాలని పట్టుబట్టాడు. మొదట్లో నేను "చదువు మానేసి ఈ గోల ఏమిట్రా" అన్నదాన్నే. వాడికి ఆ ఆశ ఎక్కడ పుట్టిందో గుర్తు చేసుకున్నాక అనడం మానేశాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తమ్ముడిది మందస దగ్గర పల్లె. కొబ్బరి చెట్లు, జీడి తోటలు వరసగా పడిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. వాళ్లు ఉన్నారో లేరో మూడు రోజులు తెలియలేదు. నాలుగో రోజు మా మరదలి అన్న బైకు మీద, దారికడ్డంగా పడ్డ చెట్లు దాటుకుంటూ వచ్చి "అందరూ బాగానే ఉన్నారు, పెంకులు పోయాయి" అని చెప్పాడు. అప్పుడు మా మనవడు ప్రైమరీ స్కూలు పిల్లాడు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఫోను చేతులు మారుతూ ఉండడం చూశాడు. తర్వాత ఎక్కడో చదివాడు, 2004 సునామీ వచ్చిన రోజు హైదరాబాద్ హామ్ సంస్థకి చెందిన భారతీ ప్రసాద్ గారి బృందం అదృష్టవశాత్తూ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉందనీ, ఫోన్లు చచ్చిపోతే వాళ్ల రేడియోలే కబుర్లు మోశాయనీ. అప్పట్నుంచీ పట్టుకుంది.

ఇందులో రెండు రకాల పరీక్షలున్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడుకి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ విని రాయాలి, పంపాలి. ఇక్కడ మాటంటే ఐదక్షరాల లెక్క, అంటే నిమిషానికి 40 అక్షరాలు. 2003లో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని మోర్స్ తప్పనిసరి కాదు, ఎవరి ఇష్టం వాళ్లది అనుకున్నాయి. మన దేశం జనరల్ గ్రేడుకి ఉంచుకుంది. మావాడికి జనరలే కావాలి.

వాడు ఒక శిక్షణ కేంద్రానికి మూడు వేలు కట్టాడు. పేరు రాయను. వాళ్లు ఇచ్చింది సరిగ్గా మీరు వేసినలాంటి పట్టికే, కాకపోతే ప్లాస్టిక్ అట్ట వేసి ఇచ్చారు. వాడు సెలవులకి వచ్చినప్పుడు దాన్ని మా హాల్లో క్యాలెండరు పక్కన తగిలించాడు. అన్నం తింటూ దానివంక చూస్తుంటే నాకు ఒళ్లు ఝల్లుమంది. అవన్నీ నాకు తెలిసినవే!

తెలుగు చదువుకున్న పాఠకులు ఇక్కడ కొంచెం ఆగండి. చుక్క లఘువు అనుకోండి, గీత గురువు అనుకోండి. మూడేసి గుర్తులున్న ఇంగ్లీషు అక్షరాలు మోర్స్‌లో ఎనిమిది. మన ఛందస్సులో మూడక్షరాల గణాలూ ఎనిమిదే. భ గణం వేస్తే డి. ర గణం కె. త గణం జి. య గణం డబ్ల్యూ. స గణం యూ, జ గణం ఆర్, మ గణం ఓ, న గణం ఎస్. ఓడలు మునిగేటప్పుడు పంపే ఎస్ ఓ ఎస్ అంటే న గణం, మ గణం, న గణం. రెండక్షరాలవి కూడా అంతే, వ గణం ఏ, హ గణం ఎన్. మా మనవడు నెలరోజులుగా కుస్తీ పడుతున్నది నేను ముప్పై మూడేళ్లు నల్లబల్ల మీద రాసినదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి నా పట్టిక నేను తయారుచేశాను. కె కి రాఘవా, డబ్ల్యూకి యశోదా, డి కి భారత, జి కి శ్రీరామ, ఎం కి సీతా, ఎన్ కి రామ, ఐ కి హరి. నాలుగేసి గుర్తులున్న అక్షరాలకి గణాలు అతికించి సర్దుకున్నాను. రెండు రోజుల్లో పట్టిక మొత్తం నోటికి వచ్చేసింది. మనవడు నోరు తెరిచి చూశాడు. నేను గర్వపడ్డానని ఒప్పుకోవాలి.

తర్వాత వాడు ఫోన్లో మోర్స్ మోగించాడు. నెమ్మదిగా, నిమిషానికి ఐదు మాటల వేగంతో. డా... డి... డా. గురువు, లఘువు, గురువు. ర గణం. రాఘవా. కె! రాశాను. తలెత్తేసరికి ఇంకో రెండక్షరాలు మోగి వెళ్లిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అంతే. వారం గడిచినా పది అక్షరాల్లో నాలుగే అందేవి. మనవడికి పట్టిక కళ్లలో కనపడి అడ్డం, నాకు గణాలు అడ్డం. ఇద్దరం ఒకే గోతిలో పడ్డాం, నాది కొంచెం సంస్కృతంగా ఉందంతే.

మా వీధి చివర ఒకాయన ఉన్నారు. వయసు 84. రైల్వేలో సిగ్నలర్‌గా, అంటే స్టేషన్లో తంతి కబుర్లు పంపే, వినే ఉద్యోగంలో చేరి తర్వాత స్టేషన్ మాస్టరై రిటైరయ్యారు. దూసి, నౌపడా, పలాస అన్నీ తిరిగారు. నేను బాబాయి గారూ అంటాను, ఆయన నన్ను తల్లీ అంటారు. ఒకరోజు పాలు తెచ్చుకుంటూ మా అరుగు మీద కూర్చుని మా అవస్థ చూశారు. నా పట్టిక చూసి కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు నవ్వారు.

"ఏటి తల్లీ ఇది? తీగ మీద యశోదమ్మ రాదు. డబ్ల్యూ వస్తాది. మజ్జిలో యశోదమ్మకి కాఫీ పెట్టి కూకోబెడతావేటి?" అన్నారు.

అంతకంటే బాగా నాకు ఎవరూ చెప్పలేదు. చప్పుడు విన్నాక గురు లఘువులు ఎంచి, గణం పట్టుకుని, గణం నుంచి పేరుకి, పేరు నుంచి అక్షరానికి. నాలుగు మెట్లు. నేను రెండో మెట్టు మీదుండగానే బండి వెళ్లిపోతోంది.

ఆయన తన ఉద్యోగం సంగతి చెప్పారు. అప్పట్లో స్టేషన్లలో మోగేది ఇప్పటి ఫోన్ యాప్‌లోలా 'పీ పీ' అని కాదు. సౌండర్ అని చిన్న ఇత్తడి యంత్రం ఉండేది. కరెంటు వస్తే దాని చెయ్యి కిందికి పడి టక్కుమంటుంది. కరెంటు పోతే పైకి లేచి టిక్కుమంటుంది. టక్కుకీ టిక్కుకీ మధ్య ఎడం తక్కువుంటే చుక్క, ఎక్కువుంటే గీత. అంతకుముందు, అంటే మోర్స్ గారి కాలంలో, కాగితం పట్టీ మీద గుర్తులు పడేవట. వాటిని చూసి చదివేవారు. పనిచేసే కుర్రాళ్లు కాగితం వంక చూడకుండా యంత్రం చప్పుడు విని రాసేయడం మొదలుపెట్టారు. పోనుపోను కాగితమే అక్కర్లేకపోయింది. అంటే సంపాదకులు గారూ, ఈ విద్య కంటి నుంచి చెవికి మారి నూట యాభై ఏళ్లు దాటింది. మీ పిల్లల పేజీ దాన్ని మళ్లీ కంటి దగ్గరికి తీసుకొచ్చింది.

సౌండర్ రాత్రంతా మోగుతూనే ఉండేదట. ఏ స్టేషన్ వాళ్లు ఏ స్టేషన్‌తో మాట్లాడినా ఆ తీగ మీదున్న అందరికీ వినపడుతుంది. నౌపడాలో ఉప్పు వ్యాగన్ల లెక్కలు, ఏ బండి ఎక్కడ ఆలస్యమైందీ, ఎవరికి సెలవు దొరికిందీ. అదంతా మోగుతున్నా డ్యూటీలో ఉన్న సిగ్నలర్ కుర్చీలో కునుకు తీసేవాడు. తన స్టేషన్ పిలుపు వచ్చిందంటే మాత్రం ఠక్కున లేచేవాడు. మన శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి ఇప్పటికీ టికెట్టు మీద సీ హెచ్ ఈ అని ఉంటుంది, గమనించారా? పాత చికాకోల్ పేరులోంచి వచ్చినవి ఆ మూడక్షరాలు. స్టేషన్ పేరు మారింది, ఊళ్లో ఎవరూ ఆ మాట అనరు, కానీ ఆ పిలుపు మారలేదు. బాబాయి గారు కళ్లు మూసుకుని అది నోటితో అన్నారు, "డా డి డా డి, డి డి డి డి, డి". "నిద్దర్లో మా ఆవిడ పిలిస్తే నేవను గానీ, ఇదినపడితే నేస్తాను" అన్నారు. లోపలినుంచి పిన్నిగారు "నిజమే" అని అరిచారు.

ఆయన పాఠం మొదటి రోజే మా రెండు పట్టికలూ తీయించేశారు. నాది నేనే చించాను. మనవడు మూడు వేలు గుర్తొచ్చి వాడిది మంచం కింద పెట్టాడు.

రెండోది, వేగం పెంచమన్నారు. మేం బిత్తరపోయాం. నెమ్మదిగా వస్తేనే అందట్లేదు, బేగి వస్తే ఏమవుతుంది? ఆయన చెప్పింది నాకు తర్వాత లెక్క వేసుకుంటే అర్థమైంది. గీత మూడు చుక్కలంత పొడుగు. ఒక అక్షరంలో గుర్తుకీ గుర్తుకీ మధ్య ఒక చుక్కంత ఎడం, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కలంత, మాటకీ మాటకీ మధ్య ఏడు. నిమిషానికి ఐదు మాటల వేగంలో కె ఒక్కటే రెండు సెకన్లకు పైగా సాగుతుంది. ఆ రెండు సెకన్లలో బుర్ర ఖాళీగా కూర్చోదు, ఎంచడం మొదలుపెడుతుంది. అదే 20 మాటల వేగంలో కె అర సెకనులో అయిపోతుంది. ఎంచడానికి టైము ఉండదు, కాబట్టి ఎంచం. అది ఒక్క ముక్కగా చెవిలో పడుతుంది, పిల్లి అరుపులాగా, కుక్కర్ విజిల్‌లాగా. ఎస్, హెచ్, ఐదు అంకె వరసగా మూడు, నాలుగు, ఐదు చుక్కలు. 20 మాటల వేగంలో వాటిని ఎంచగలిగినవాణ్ణి నాకు చూపించండి, కాళ్లకి దండం పెడతాను. ఎవరూ ఎంచరు. పొట్టిది, కొంచెం పొడుగుది, ఇంకొంచెం పొడుగుది అని తెలిసిపోతుంది.

అందుకని అక్షరం వేగంగానే మోగాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం మాత్రం కావలసినంత పెంచుకోవచ్చు. దీనికి ఫార్న్స్‌వర్త్ పద్ధతి అని పేరుందని మా మనవడు కనిపెట్టాడు. ఇంకోటి కూడా చెప్పాడు. 1930లలో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండే అక్షరాలతో మొదలుపెట్టించేవాడట, పూర్తి వేగంతోనే. పదింటికి తొమ్మిది సరిగ్గా అందాకే మూడో అక్షరం. బాబాయి గారికి కోఖ్ ఎవరో తెలీదు, ఆయన గురువు గారు ఎవరో ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన బెంగాలీ ఆయన. అయినా ఇద్దరిదీ ఒకటే దారి. మేం కె, ఎం తో మొదలెట్టాం. మూడు రోజులు అవి రెండే. నాకు కలలో కూడా కె, ఎం.

ఇంకో నియమం: మొదటి వారం రాయకూడదు, విని నోటితో పైకి అనాలి. రాయడం మొదలుపెట్టాక ఒక అక్షరం వెనక రాయాలి. చెయ్యి పాత అక్షరం రాస్తుంటే చెవి కొత్తది వింటుండాలి. ఒకటి పోతే పోనివ్వాలి. ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. తప్పు దిద్దకుండా ముందుకు పోవడం టీచర్లకి చేతకాదు. పోయిన అక్షరం గురించి ఆలోచిస్తూ తర్వాతి ఆరు పోగొట్టుకునేదాన్ని. "ఒగ్గీ తల్లీ, ఒగ్గీ. ఎల్లిపోయిన బండికి జెండా ఊపితే ఆగుతాదేటి?" అనేవారు.

ఫోన్ మోత ఆయనకీ ఇబ్బందే అయింది, తమాషా చూడండి. నలభై ఏళ్లు టక్కు టిక్కు విన్న చెవికి 'పీ' అర్థం కాలేదు. రెండు రోజులు మా మనవడి కంటే వెనకబడ్డారు, చిన్నబుచ్చుకున్నారు కూడా. మూడోరోజుకి అందుకున్నారు. తర్వాత నేను అరసవల్లి రథసప్తమికి వెళ్లినప్పుడు బొమ్మల దుకాణంలో రేకు కప్ప కనిపించింది. చిన్నప్పుడు మనందరం ఆడినదే. నొక్కితే టక్, వదిలితే టిక్. ఇరవై రూపాయలు. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కప్పని చెవి దగ్గర పెట్టుకుని నాలుగుసార్లు నొక్కి చూసి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న మా గుమ్మంలో నిలబడి ఆ కప్పతో ఏదో మోగించారు. నేను రాసుకుని చూస్తే 'టీ' అని వచ్చింది. టీ, ఈ, ఏ. కాలనీలో ఇప్పుడు పిల్లలందరి దగ్గరా కప్పలున్నాయి, మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లు నన్ను తిట్టుకుంటున్నారు.

రెండు నెలలకి అక్షరాలన్నీ వచ్చాయి. తర్వాత ఆగిపోయింది. నిమిషానికి ఆరు మాటల దగ్గర మూడు వారాలు గోడలా నిలబడిపోయింది. ఎల్ వస్తే ఎఫ్ అని, ఎఫ్ వస్తే ఎల్ అని రాసేదాన్ని. వయసైపోయింది, ఇక రాదు అనుకున్నాను. అప్పుడు మనవడు ఒక గ్రాఫ్ చూపించాడు. 1897లో అమెరికాలో బ్రయాన్, హార్టర్ అనే ఇద్దరు టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్లని వారం వారం కొలిచి రాశారు. పంపడం నున్నగా పైకి పోతుంది. వినడం మాత్రం కొంత దూరం ఎక్కి, వారాల తరబడి చదునుగా పడి ఉండి, ఒకరోజు మళ్లీ లేస్తుంది. అక్షరాలు విడివిడిగా వినడం పోయి మాట మొత్తం ఒక్కసారిగా వినపడడం మొదలైనప్పుడు లేస్తుందని వాళ్లు చెప్పారు. తర్వాతివాళ్లు కొందరు ఆ చదును అందరికీ వచ్చి తీరాలని లేదన్నారు. నాకు మాత్రం వచ్చింది. ఒక శుక్రవారం ఇడ్లీ పిండి రుబ్బుతుంటే పక్క గదిలో వాడి ఫోన్ మోగుతోంది. నేను వినట్లేదు. 'ది' అని చెవిలో పడింది. టీ, హెచ్, ఈ అని కాదు, 'ది' అని. గ్రైండర్ కట్టేసి నిలబడ్డాను. తర్వాత 'అండ్' పడింది.

మేం చదువుకున్నది ఇలాగేగా అనిపించింది. మా మేనమామకి సంతకం కూడా వచ్చేది కాదు. పౌరాణిక నాటకాల పద్యాలు వందకి పైగా పాడేవాడు. ఒక లఘువు ఎక్కువైతే "అక్కడేదో కుంటింది" అనేవాడు. ఎక్కడ కుంటిందో వేలు పెట్టి చూపించేవాడు. యతి ప్రాసలు అంటే ఏమిటో ఆయనకి చచ్చేదాకా తెలీదు. తప్పెటగుళ్లు వేసేవాళ్లకి ఎవరైనా అడుగులు రాసి ఇచ్చారా? మావాడి హాస్టల్‌కి వెళ్లినప్పుడల్లా విజయనగరం సంగీత కళాశాల ముందునుంచి నడుస్తాను. 1919లో పెట్టిన కళాశాల. ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు సరిగ్గా ఆనకపోయినా అక్కడే పాఠం చెప్పి 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. కిటికీలోంచి మృదంగం క్లాసు వినపడుతుంది. గురువు గారు 'తదిగిణతోం' అంటే పిల్లలు ముందు నోటితో అంటారు, తర్వాతే చేతికి వస్తుంది. పట్టిక గోడమీద లేదు.

నేనేమో ముప్పై మూడేళ్లు తొమ్మిదో తరగతి పిల్లలకి పద్యం పూర్తిగా ఒకసారి రాగంతో చదవకుండానే గణవిభజన చేయించాను. మార్కులు దానికి ఉంటాయి కాబట్టి. వాళ్లు 'య మా తా రా జ భా న స ల గం' అప్పజెప్పేవాళ్లు, ఉత్పలమాలని విని మాత్రం ఒక్కరూ గుర్తుపట్టేవాళ్లు కాదు. పిల్లలకి బుర్ర లేదనుకునేదాన్ని. ఆ పిల్లల్లో ఎవరైనా ఇది చదివితే క్షమించండర్రా.

అలాగని గణాలమీద ప్రేమ పోలేదు. ఒకరోజు బాబాయి గారిని ఆటపట్టించాలని శార్దూలం గణాలు మోర్స్‌లో పంపాను. మ స జ స త త గ. ఆయన గబగబా రాసి కాగితం నాకిచ్చారు. ఓ, యూ, ఆర్, యూ, జి, జి, టీ. "అవర్ దాకా ఇంగ్లీసే, తర్వాతేటో పాడైంది. చెయ్యి ఒణికిందా తల్లీ?" అన్నారు. అది శార్దూల విక్రీడితం అని చెప్తే, నాకు వినపడ్డంతే రాసేనన్నారు. ఆయన అన్నది సరే. గురువుకి రెండు మాత్రలు, గీతకి మూడు చుక్కలు. అక్షరాల మధ్య ఎడం వేరు. అది పద్యంలా వినపడదు, పడకూడదు కూడా.

ఈ కాలంలో దీని ఉపయోగం ఏమిటని అడుగుతారు. పెద్దగా లేదు. తుపానులో హామ్‌లు ఎక్కువగా నోటితోనే మాట్లాడుకుంటారు. కాకపోతే గొంతు పంపడానికి కావలసిన జాగాలో పదో వంతు కూడా మోర్స్‌కి అక్కర్లేదు. అందుకని చిన్న బ్యాటరీ మీద, కొద్ది వాట్లతో, గొంతు రేడియో గరగరలో కలిసిపోయే చోట కూడా ఈ 'పీ పీ' దొరుకుతుందని మావాడు అంటాడు. వాడు సొంతంగా అతికించిన సెట్టు మా డాబా మీద చూశాను, సబ్బుపెట్టె అంత ఉంది. వాడికి లైసెన్సు వచ్చేదాకా అందులోంచి పంపకూడదు, వినొచ్చు. రాత్రి తొమ్మిది దాటాక వింటున్నాం. ఎవరెవరో, ఏ దేశమో. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది. ఒకాయన గీతలు సాగదీస్తాడు, అచ్చం మా హెడ్మాస్టరు ప్రార్థనలో మాట్లాడినట్టు.

ఇప్పుడు మీకు నా విన్నపం. ఆ పేజీ చూసేవాళ్లు పిల్లలు, వాళ్ల చెవులు మనకంటే చురుకు. మళ్లీ వేస్తే పట్టిక వెయ్యకండి. రెండక్షరాలు వెయ్యండి, అవి కూడా చుక్కలుగా కాదు, 'డా డి డా', 'డా డా' అని. ఇంట్లో పెద్దవాళ్లని కళ్లు మూసుకోమని, నోటితో గబుక్కున అనమనండి. ఫోన్లో నేర్పే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి, అక్షరం వేగం 20కి పెట్టి ఎడం పెంచుకోమని ఒక్క వాక్యం రాయండి. ఫోన్ ఇవ్వకూడదనుకుంటే రేకు కప్ప చాలు. రోజుకి పావుగంట, అంతకంటే వద్దు. అలిసిన చెవి తప్పులు నేర్చుకుంటుంది.

ఇక తప్పు సంగతి. మీ పట్టికలో క్యూ ఉండాల్సిన చోట వై గుర్తులు, వై చోట క్యూ గుర్తులు పడ్డాయి. వచ్చే ఆదివారం సవరణ వెయ్యండి. క్యూ అంటే డా డా డి డా. వై అంటే డా డి డా డా. పక్కింటి పిల్లాడు వరసగా నేర్చుకుంటున్నాడు, రోజుకి ఐదు చొప్పున గురువారానికి క్యూ దగ్గరికి వస్తాడు. ఆలోగా తలుపు మీది మెతుకులు నానబెట్టి పట్టిక ఊడదీసే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ తెలుగు టీచరు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా